ఐ.పి. పెట్టుకోలేని దేశాలు

కొత్తపట్నం వైపు సముద్రం ఒడ్డు ఊరి నుంచి డిగ్రీ చదువుతున్న ఒకమ్మాయి అడిగింది: "ధనిక దేశాలు ఇన్నేళ్లుగా సాయం చేస్తూనే ఉన్నాయి కదా, పేద దేశాల అప్పు ఎందుకు తీరదు? మనకూ శ్రీలంక గతే పడుతుందా? మా ఊళ్లో తుపాను షెల్టరు మీద ప్రపంచ బ్యాంకు పేరుంది. ఆ బాకీ ఎవరు కడుతున్నారు?"

అమ్మా, నేను ఒంగోల్లో ఒక బ్యాంకులో విదేశీ మారకం సీట్లో ఇరవై ఏళ్లు కూర్చుని రిటైరైనవాణ్ణి. పొగాకు, గ్రానైటు, రొయ్య... డాలరు మొహం చూసే సరుకు కాగితాలన్నీ నా బల్ల మీదుగానే పోయేవి. ఆర్థికశాస్త్రం చదివినవాణ్ణి కాదు, బాకీలు చూసినవాణ్ణి. ఆ లెక్కన చెప్తాను, కాస్త ఓపిక పట్టు.

ముందు టంగుటూరు పొగాకు వేలం కేంద్రానికి వెళ్దాం. రైతు బ్యారన్ (ఆకు కాల్చే కొట్టం) కౌలుకు తీసుకుని, బ్యాంకులో పంట రుణం తీసుకుని, చాలకపోతే ఊళ్లో నూటికి రెండు రూపాయల వడ్డీకి నోటు రాసి, ఆకు కాల్చి, బేళ్లు కట్టి తెస్తాడు. కొనేవాడు బేలు మీద వంగి, గుప్పెడు ఆకు లాగి, వేళ్ల మధ్య నలిపి వాసన చూస్తాడు. నచ్చితే ధర, నచ్చకపోతే 'నోబిడ్'. ఆ ధర ఒంగోల్లో పుట్టేది కాదు. బ్రెజిల్లో, జింబాబ్వేలో ఆ ఏడు పంట ఎట్లా పండింది, డాలరు ఎంత పలుకుతోంది అన్నదాన్ని బట్టి పుడుతుంది. అమ్మిన డబ్బులోంచి బ్యాంకు బాకీ ముందే కోసుకుంటారు. 2015లో ధర పడిపోయినప్పుడు ఈ జిల్లాలో ఎన్ని ఇళ్లు ఆరిపోయాయో మీ ఇంట్లో పెద్దవాళ్లనడుగు. ఆ రైతులేమీ సోమరులు కారు, దుబారా మనుషులూ కారు. బాకీ తేదీ ఖాయం, రాబడి మాత్రం ఎక్కడో తెలియని చేతిలో. అంతే తేడా.

ఇక ఊళ్లో నోటు సంగతి. మూడేళ్లు నిండితే నోటుకు కాలదోషం పడుతుంది గనక, గడువుకు ముందు ఇచ్చినాయన వచ్చి కూర్చుంటాడు. కట్టేందుకు లేకపోతే వడ్డీని అసల్లో కలిపి నోటు తిరగరాస్తారు. నెలకు నూటికి రెండు చొప్పున మూడేళ్లకు లక్ష కాస్తా లక్షా డెబ్భై రెండు వేలవుతుంది, మళ్లీ దాని మీద వడ్డీ. కొత్తగా ఒక్క రూపాయి చేతికి రాకుండానే నాలుగేళ్లు తిరిగేలోపు అప్పు రెట్టింపు. పేద దేశాల అప్పు కథలో పెద్ద భాగం ఈ తిరగరాతే. 1973లో చమురు ధర పెరిగి అరబ్బు దేశాల డాలర్లు పశ్చిమ దేశాల బ్యాంకుల్లో పోగుపడ్డాయి. బ్యాంకులవాళ్లు వాటిని దక్షిణ అమెరికాకూ ఆఫ్రికాకూ పిలిచి మరీ ఇచ్చారు, మారే వడ్డీకి. తర్వాత అమెరికా తన ఇంట్లో ధరలు అదుపు చేసుకోవడానికి వడ్డీ పెంచుకుంటూ పోయింది. 1981కి అక్కడ బ్యాంకుల మధ్య వడ్డీయే నూటికి ఇరవై దాకా ఎక్కింది. 1982 ఆగస్టులో మెక్సికో చేతులెత్తేసింది. ఆమీదట ఒకదాని వెనక ఒకటి. ప్రభుత్వాల బాకీలు తిరగరాసే పెద్దమనుషుల గుంపుకు ప్యారిస్ క్లబ్బు అని పేరు. అది 1956లో అర్జెంటీనా కోసం మొదలైంది. అర్జెంటీనా ఇప్పటికీ తిరగరాయించుకుంటూనే ఉంది.

నువ్వు అప్పు 'ఎంత' అని అడుగుతున్నావు. నేనైతే ముందు ఏ డబ్బుల్లో తీర్చాలని అడుగుతాను. ఇది నాకు పుస్తకం నేర్పలేదు, నా తప్పు నేర్పింది. 2007లో చీమకుర్తి గ్రానైటు ఫ్యాక్టరీ ఆయనకు మా దగ్గర రెండు కోట్ల అప్పుండేది, వడ్డీ నూటికి పదకొండు దాకా. అప్పట్లో పైవాళ్లు మా వెంటపడి, రూపాయి అప్పును జపాన్ యెన్‌లోకి మార్పించండి, వడ్డీ మూడే పడుతుంది అనేవారు. నేనూ నమ్మాను. ఆయనకు టీ తెప్పించి, కాగితం మీద లెక్క వేసి చూపించి సంతకం పెట్టించాను. అప్పుడు వంద యెన్లు సుమారు 33 రూపాయలు, అంటే ఆయన నెత్తిన ఆరు కోట్ల యెన్లు. ఏణ్ణర్ధం తిరిగేసరికి ప్రపంచమంతా అల్లకల్లోలమై వంద యెన్లు 54 రూపాయలకు పోయింది. అసలు వాయిదాలు ఇంకా మొదలే కాలేదు, రెండు కోట్లు మూడు కోట్ల ఇరవై నాలుగు లక్షలై కూర్చుంది. ఆయన గొంతు పెంచలేదు. నేను లెక్క వేసిచ్చిన పాత కాగితాన్నే మడత విప్పి నా ముందు పెట్టి, "ఇందులో ఇది ఎక్కడుందో చూపించండి సార్" అన్నాడు. ఎక్కడా లేదు. తక్కువ వడ్డీ చూశాను గానీ, ఆయన రాళ్లు అమ్మేది డాలర్లకూ కట్టాల్సింది యెన్లలోనూ అన్నది నాకు తట్టనే లేదు.

ఆ ఫ్యాక్టరీ ఉన్నచోట ఒక దేశాన్ని పెట్టి చూడు. ప్రభుత్వానికి పన్నులొచ్చేది సొంత డబ్బుల్లో. బాకీ డాలర్లలో. డాలర్లు కావాలంటే ఏదో ఒకటి బయటికి అమ్మాలి, లేదా మనవాళ్లు బయట పనిచేసి పంపాలి, లేదా ఇంకో అప్పు చేయాలి. జాంబియాకు రాగి ఉంది, ఎగుమతుల్లో డెబ్భై శాతం దాకా అదే. 2005 ప్రాంతంలో ధనిక దేశాలూ ప్రపంచ బ్యాంకూ కలిసి దాని పాత అప్పుల్లో చాలా భాగం మాఫీ చేశాయి. చేయి తేలికైంది, రాగి ధర బాగుంది. 2012లో బాండ్లు, అంటే మార్కెట్లో పెట్టుబడిదార్లు కొనే అప్పు పత్రాలు, అమ్మి 75 కోట్ల డాలర్లు తెచ్చింది, 2014లో వంద కోట్లు, 2015లో నూట ఇరవై అయిదు కోట్లు. మొదటిసారి వడ్డీ అయిదున్నర, చివరిసారి తొమ్మిది. అప్పిచ్చేవాడు వడ్డీ పెంచుతున్నాడంటే అనుమానపడుతున్నాడని అర్థం. మన ఊళ్లోనూ అంతేగా, రెండు రూపాయలకిచ్చే చోట మూడు అడిగాడంటే నీ గురించి ఏదో విన్నాడన్నమాట. ఆమీదట రాగి పడింది, వాళ్ల డబ్బు క్వాచా విలువ పడింది, కోవిడ్ వచ్చింది. 2020 నవంబరులో 4 కోట్ల 25 లక్షల డాలర్ల వడ్డీ వాయిదా కట్టలేక ఆగిపోయింది.

మన సంగతి కూడా మరచిపోకూడదు. 1991 వేసవిలో నేను ఆ సీట్లోనే ఉన్నాను. దేశం దగ్గర రెండు మూడు వారాల దిగుమతులకు సరిపోయే డాలర్లు మిగిలాయి. బయటి నుంచి సరుకు తెప్పించుకోవడానికి ఎల్.సి. (అమ్మేవాడికి మన బ్యాంకు ఇచ్చే చెల్లింపు హామీ) తెరవాలంటే సరుకు విలువకు రెండింతలు నగదు ముందే బ్యాంకులో కట్టాలని రూలు పెట్టారు. లక్ష రూపాయల విడిభాగానికి రెండు లక్షలు! ఒక మిల్లాయన ఆ ముక్క విని, సర్క్యులరు నా చేతిలోంచి లాక్కుని తనే చదువుకుని, మళ్లీ నా చేతికిచ్చి ఏమీ మాట్లాడకుండా వెళ్లిపోయాడు. ఆ మే నెలలో స్టేట్ బ్యాంకు 20 టన్నుల బంగారం బయటికి పంపింది. జులైలో రిజర్వు బ్యాంకు 47 టన్నుల దాకా ఇంగ్లండు, జపాన్ కేంద్ర బ్యాంకుల దగ్గర కుదువ పెట్టి 40 కోట్ల డాలర్లు తెచ్చింది. అదే నెల మొదటి మూడు రోజుల్లో రెండు విడతలుగా రూపాయి విలువ తగ్గించారు. డాలరు 21 నుంచి 26కు చేరింది. పుస్తెలు తాకట్టు పెట్టిన ఇల్లు ఎట్లా ఉంటుందో దేశం అట్లా ఉంది. మన పొగాకు ఎగుమతిదార్లు మాత్రం అదే జులైలో లోపల సంతోషించారు, అది వేరే మాట.

రూపాయల్లో ఉన్న అప్పు కథ ఇందుకు పూర్తిగా వేరు. నేను బళ్లో చదివే రోజుల్లో మధ్యాహ్నం గోధుమరవ్వ ఉప్మా, పాలపొడి కలిపిన పాలు పెట్టేవారు. అమెరికా నుంచి వచ్చేవి. ఆ ఉప్మాకు ఒక వాసన ఉండేది, ఇప్పటికీ ముక్కులో ఉంది. బడి ఉప్మా ఉచితమే గానీ, దేశానికి వచ్చిన గోధుమల్లో ఎక్కువ భాగం ఉచితం కాదు. పి.ఎల్. 480 అనే చట్టం కింద 1956 నుంచి అమ్మేవారు. ధర మాత్రం రూపాయల్లో కట్టమన్నారు. మనం కట్టిన రూపాయలు అమెరికా పేరు మీద ఇక్కడే పేరుకుపోయాయి. 1965, 66 కరువుల్లో వాళ్ల అధ్యక్షుడు జాన్సన్ ఓడల్ని నెలకింత అని లెక్కపెట్టి వదిలి, మన చేత మాట వినిపించుకోవాలని చూశాడు. ఆ అవమానం ఢిల్లీవాళ్లు మరచిపోలేదు, హరిత విప్లవం వెనక అది కూడా ఉంది. అయితే అప్పు దగ్గరికి వచ్చేసరికి ఏమైంది? అన్ని రూపాయలు అమెరికా ఒక్కసారి ఖర్చుపెడితే ఇక్కడ ధరలు మండిపోతాయి, దేశం దాటించుకుపోదామంటే అవి రూపాయలాయె. 1974 ఫిబ్రవరిలో వాళ్ల రాయబారి మోయినిహాన్ 1,664 కోట్ల రూపాయలకు చెక్కు రాసి మన ప్రభుత్వం చేతికిచ్చాడు. ప్రపంచంలోనే అతిపెద్ద చెక్కని అప్పట్లో గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. అదే డాలర్ల బాకీ అయితే ఆ చెక్కు మన చేతికి వచ్చేదా?

సాయం సంగతి తొందరగా చెప్పేస్తాను. అందులో చెప్పుకునేంత సాయం లేదు. ధనిక దేశాలు తమ ఆదాయంలో నూటికి 70 పైసలు ఇవ్వాలని 1970లో ఐక్యరాజ్యసమితిలో అనుకున్నారు. నార్వే, స్వీడన్, డెన్మార్కు, లక్సెంబర్గ్ లాంటివి తప్ప మాట నిలబెట్టుకున్నవి తక్కువ. అమెరికా ఇచ్చింది ఎక్కువే కనిపించేది గానీ ఆదాయంతో పోలిస్తే నూటికి పావలా లోపే. అదీ 2025లో తన సాయం సంస్థను మూసేసింది. సాయమని లెక్కల్లో రాసేదాంట్లో చౌక వడ్డీ అప్పులూ ఉంటాయి, తమ దేశంలోకి వచ్చిన శరణార్థులకు పెట్టిన ఖర్చూ ఉంటుంది. మా కంపెనీ యంత్రాలే కొనాలి, మా ఇంజనీర్లనే పెట్టుకోవాలి అని షరతు పెట్టి ఇచ్చేది ఇంకొంత. పెళ్లికి చదివింపులు ఇచ్చి, చీరలు మాత్రం మా కొట్లోనే కొనమన్నట్టు. అన్నీ అట్లాంటివే అననులే. 2003లో ప్రపంచ బ్యాంకు ఇచ్చిన 15 కోట్ల డాలర్ల పేదరిక నిర్మూలన అప్పు మన ప్రకాశం, నెల్లూరు జిల్లాల పొదుపు సంఘాల్లోకి కూడా వచ్చింది. ఆ సంఘాలు ఎట్లా నిలబడ్డాయో మీ అమ్మ నాకన్నా బాగా చెప్తుంది.

ఇప్పుడు అసలు చిక్కు. మన ఊళ్లో అప్పు పీకలమీదికి వస్తే మనిషి ఏం చేస్తాడు? కోర్టులో ఐ.పి., అంటే దివాలా పిటిషను, పెడతాడు. పరువు పోతుంది, కానీ అప్పులవాళ్లంతా ఒకచోటికి వస్తారు, ఉన్నది పంచుతారు, మిగతాదానికి కోర్టు అడ్డం నిలబడుతుంది. కంపెనీకీ ఒక చట్టం ఉంది. దేశానికి అట్లాంటి కోర్టు ఎక్కడా లేదు. 2001లో ఐ.ఎం.ఎఫ్. (అంతర్జాతీయ ద్రవ్యనిధి) ఉపాధిపతిగా ఉన్న ఆన్ క్రూగర్ ఒకటి పెడదామన్నారు. రెండేళ్లు చర్చించారు, అమెరికా ఒప్పుకోలేదు, బాండ్ల వ్యాపారులు ఒప్పుకోలేదు, పక్కన పడేశారు. కోర్టు లేనప్పుడు ఎవడి దారి వాడిది. 1979లో జాంబియా రొమేనియా దగ్గర ట్రాక్టర్లు అరువు తీసుకుంది. ఇరవై ఏళ్ల తర్వాత ఆ పాత నోటును ఒక ఫండు సుమారు 33 లక్షల డాలర్లకు రొమేనియా దగ్గర కొనుక్కుని, లండన్ కోర్టులో ఐదున్నర కోట్ల డాలర్లకు దావా వేసింది. 2007లో కోటిన్నర పైచిలుకు రాబట్టుకునే తీర్పు వచ్చింది. మిగతావాళ్లు మాఫీ చేస్తున్నకొద్దీ ఇట్లాంటివాడికి వసూలు సులువవుతుంది. ఇంకోడు మాఫీ చేసినదంతా నా జేబులోకే వస్తుందన్న లెక్క. 2020లో ఆగిన జాంబియా బాండ్లవాళ్లతో తేల్చుకునేసరికి 2024 వచ్చింది. నాలుగేళ్లు నోబిడ్ చీటీ పట్టుకుని వేలం కేంద్రం బయట నిలబడ్డ రైతును తలుచుకో.

అప్పు పెద్దవాళ్లదైతే మర్యాద వేరు. రెండో యుద్ధం తర్వాత పశ్చిమ జర్మనీ పాత బాకీల మీద 1953లో లండన్లో పంచాయితీ జరిగింది. దాదాపు సగం కొట్టేసి, మిగతాది దశాబ్దాల మీద వాయిదాలు వేశారు. ఆ ఒప్పందం మీద సంతకం పెట్టిన దేశాల్లో సిలోన్ ఒకటి. అదే నేటి శ్రీలంక.

శ్రీలంక 2022 ఏప్రిల్ 12న బయటి బాకీలు కట్టలేనంది. చేతికందే డాలర్లు అయిదు కోట్లు కూడా లేవని మే నెలలో వాళ్ల ఆర్థికమంత్రే చెప్పాడు. అందరూ చైనా, హంబన్‌తోట అంటారు. అదీ ఉంది, 2017లో ఆ రేవును 99 ఏళ్లకు లీజుకిచ్చారు. అయితే అన్నిటికన్నా పెద్ద ముక్క బాండ్లది. 2019 చివర్లో పన్నులు కోసేశారు, టూరిస్టులు ఆగారు, 2021లో రసాయన ఎరువులు ఆపేసి పంట పోగొట్టుకున్నారు. ఇన్ని పొరపాట్లు ఎవరింట్లోనైనా జరుగుతాయి, కానీ వాళ్ల బాకీ డాలర్లలో ఉంది. మన దేశం ఆ ఏడు వాళ్లకు 400 కోట్ల డాలర్ల దాకా సర్దింది. గోధుమలకు ఓడల కోసం ఎదురుచూసిన దేశమేనా అనిపించింది నాకు.

మన వంతు. 2025 మార్చి చివరికి మన విదేశీ అప్పు 73,600 కోట్ల డాలర్లు. తలకు నలభై వేల రూపాయల పైచిలుకని పేపర్లో వేసి భయపెడతారు. ఆ లెక్క పెట్టుకోకు. అందులో ప్రభుత్వాలది పావు వంతు కూడా కాదు, కంపెనీలూ బ్యాంకులూ తెచ్చుకున్నదే ఎక్కువ. మొత్తం అప్పులో దాదాపు మూడో వంతు రూపాయల్లోనే ఉంది. గమ్మత్తేమంటే, మీ మేనమామ కువైట్ నుంచో, నెల్లూరు పిల్లలు అమెరికా నుంచో ఎన్.ఆర్.ఐ. డిపాజిట్లో వేసిన డబ్బు కూడా దేశం చేసిన విదేశీ అప్పు కిందే వస్తుంది. అట్లాంటివే 16,000 కోట్ల డాలర్లు దాటాయి. పక్కన రిజర్వు బ్యాంకు దగ్గర 60,000 కోట్ల పైన నిల్వ ఉంది. 1991లో మిల్లాయన మొహం చూసినవాడిగా ఆ చివరి అంకె చూస్తే నాకు నిద్ర పడుతుంది.

రాష్ట్రం సంగతి వేరు. రాష్ట్రం నేరుగా బయట అప్పు చేయడానికి వీల్లేదు, కేంద్రం సంతకం పెట్టాలి. ఒకప్పుడు కేంద్రం ఆ డబ్బులో ముప్పై వంతులు ఉచితంగా, డెబ్భై వంతులు రూపాయి అప్పుగా మనకిచ్చేది. 2005 నుంచి బయట ఏ షరతుకు తెచ్చిందో అదే షరతుకు దింపుతోంది, డాలరు పెరిగితే ఆ బరువు కూడా మనదే. 2010లో సాగర్ కాలువల మరమ్మతుకు ప్రపంచ బ్యాంకు 45 కోట్ల డాలర్లిచ్చింది. డాలరు అప్పుడు 46 రూపాయలు, ఇప్పుడు 85 దాటింది. వడ్డీ ఎంత తక్కువైనా ఈ తేడా ఒకటి ఉంటుంది. అద్దంకి, దర్శి కాలువల చివరి పొలాలకు నీళ్లు నిలకడగా వస్తే ఆ తేడాకు నేను బాధపడను. రాకపోతే అది గ్రానైటాయన యెన్ల కాగితమే. రాష్ట్రం అప్పులో మిగతా పెద్ద భాగం రూపాయల్లోనే. దానికి శ్రీలంక గతి పట్టదు, జీతాలు ఆలస్యం కావడం, కాంట్రాక్టర్ల బిల్లులు ఆగడం లాంటి మన సొంత గతి పడుతుంది.

ఇక మీ ఊరి షెల్టరు. 2004 సునామీ మన రెండు జిల్లాల ఒడ్డునూ కొట్టింది. విదేశీ ప్రభుత్వాలు సాయం చేస్తామంటే ఢిల్లీ వద్దంది, మేం చూసుకుంటామంది. ఆ తర్వాత 2010లో మన రాష్ట్రానికీ ఒడిశాకూ తుపాను షెల్టర్లూ వాటికి రోడ్లూ కట్టడానికి ప్రపంచ బ్యాంకు దగ్గర 25 కోట్ల 50 లక్షల డాలర్లు తీసుకుంది. మీ ఊరి బోర్డు ఆ పథకానిదే అయ్యుంటుంది, పేరూ ఏడాదీ చూడు. అది వాళ్ల పేద దేశాల విభాగం ఇచ్చే అప్పు. దాని షరతులు అప్పట్లో: వడ్డీ లేదు, ఏడాదికి నూటికి ముప్పావలా ఖర్చుల కింద, మొదటి పదేళ్లు అసలు కట్టనక్కర్లేదు, మొత్తం ముప్పై అయిదేళ్ల గడువు. ఊళ్లో నెలకు రెండు రూపాయలు, అక్కడ ఏడాదికి ముప్పావలా. కడుతున్నది మనమే, పన్నుల్లోంచి. నీకు నలభై ఏళ్లు వచ్చేదాకా కడుతూనే ఉంటాం. ఈసారి తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు తాళం ఎవరి దగ్గరుందో మాత్రం ముందే కనుక్కుని పెట్టుకో. మొన్న మా బంధువుల ఊళ్లో ఆ తాళం దొరక్క జనం రెండు గంటలు వానలో నిలబడ్డారు.